నోయలీన్ బోటులో నీళ్ళు

అక్టోబరు రెండో వారంలో నోయలీన్ జెట్ బోటు రెండోసారి మునిగింది. మునగడం అంటే పూర్తిగా కాదు. నదిలో ఆమె మంచె పక్కన కట్టి ఉండగానే వెనకభాగం కిందికి దిగి, ఇంజిను సగం దాకా నీళ్ళు నిండి, బురదలో కూర్చుంది. కింది మంచె క్లారీ తన బోటుకు తాడు కట్టి వంతెన దగ్గర రేవుదాకా లాక్కొచ్చాడు. అక్కడి నుంచి ఆమె కూతురు రేవిన్ ట్రైలరు మీద, బోట్లు బాగుచేసే నా షెడ్డుకు తెచ్చింది.

ఆ రోజు సోమవారం. వాన పడుతోంది. రేవిన్ తలమీది టోపీ తియ్యకుండానే మాట్లాడింది.

"విల్ఫ్, ఇది రెండోసారి. మొదటిసారి అడుగు రంధ్రానికి బిరడా పెట్టడం మర్చిపోయానంది. ఈసారి బిరడా దాని చోట అది ఉంది. నేనే చూశాను."

"ఊఁ."

"అమ్మకి డెబ్బై ఏడు. ఒక్కతే వెళ్తుంది, ఒక్కతే వస్తుంది. కట్టేసిన చోట కాబట్టి సరిపోయింది. నది మధ్యలో అయితే? శనివారం దాకా చూస్తాను. ఆ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో నువ్వు నాకు చూపించాలి. చెప్పడం కాదు, చూపించాలి. లేదంటే మంచె క్లారీకి ఇచ్చేస్తా. ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

"మీ అమ్మ ఏమంది?"

"సరే అంది. మా అమ్మ సరే అంటేనే నాకు భయం."

మంచె కాగితం రేవిన్ పేరు మీద ఉంది. నోయలీన్ భర్త గోర్డన్ పోయినప్పుడు అలా మార్చారు. కాబట్టి ఆమె ఇచ్చేస్తే ఇచ్చేసినట్టే.

అరవాటా నది సముద్రంలో కలిసే ముందు రెండు మైళ్ళ పొడుగునా ఒడ్డు పక్కన ఇలాంటి మంచెలున్నాయి. నీటిలోకి గుంజలు పాతి, పైన పలకలు పరిచి కడతారు. కొస నుంచి తడికెలు దించి, తడికెల మధ్య వల పెట్టి కూర్చుంటారు. వసంతంలో, అంటే ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు, ఈ రెండు నెలలు సన్నచేప సముద్రం నుంచి నదిలోకి ఎక్కుతుంది. వేలిపొడవు కూడా ఉండదు, అద్దంలా ఉంటుంది, రెండు నల్లటి కళ్ళు తప్ప ఏమీ కనపడదు. నోయలీన్ మంచెకు దారి లేదు. బోటు ఒక్కటే దారి. గోర్డన్ పోయి రెండేళ్ళయినా ఆమె ఒక్క రోజు మానలేదు. ఆ రెండు నెలలే ఆమెకు సంవత్సరం. మిగతా పది నెలలు వలలు కుట్టుకుంటూ గడుపుతుంది.

రేవిన్ వెళ్ళాక నేను బోటు చుట్టూ తిరిగాను. అల్యూమినియం బోటు, పాతది, అడుగున రాళ్ళు గీసిన గీతలు నిండా ఉన్నాయి. జెట్ బోటుకు కింద రెక్కలుండవు. అడుగు నుంచి నీటిని పీల్చి వెనక నుంచి చిమ్ముతూ పోతుంది. అందుకే గులకరాళ్ళ మీద జానెడు నీళ్ళున్నా పరిగెత్తుతుంది. అయితే నీళ్ళు బోటు లోపలి నుంచే వెళ్తాయి కాబట్టి కారడానికి చోట్లు కూడా ఎక్కువ.

బోటులోకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలియాలంటే ముందు బోటులోనే నీళ్ళు పొయ్యాలి. లోపలికి వచ్చిన దారే బయటికి పోయే దారి. మంగళవారం పొద్దున బోటును ట్రైలరు మీదే ఉంచి, గొట్టంతో లోపల పలకల దాకా నింపాను. కింద వీపు మీద పడుకుని టార్చి వేసి చూశాను. అతుకులు పొడిగా ఉన్నాయి. జెట్టు బోటుకు కలిసే పెద్ద పలక చుట్టూ పొడిగా ఉంది. బిరడా మర దగ్గర మాత్రం గంటకో చెంచా చొప్పున చెమ్మ ఊరుతోంది. గ్రీజు రాసి బిగించాను. చెంచా నీళ్ళకు బోటు మునగదు.

నీళ్ళు తోడేసి, లోపలంతా గుడ్డతో తుడిచి, ఇంజిను కింద, జెట్టు పక్కన, గొట్టాల కింద పిండి చల్లాను. పొడి పిండి మీద నీటి బొట్టు పడితే ఎక్కడ పడిందో, ఎటు పారిందో గీత మిగులుతుంది. ఆ తర్వాత ట్రైలరును వాగులోకి దించి, ఇంజిను వేసి పావుగంట ఉంచాను. ఇరుసు బయటికి వచ్చే చోట సీలు దగ్గర ఒక్క గీత కనపడింది. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. ఇంజినును చల్లబరిచి వచ్చిన నీళ్ళయితే వెచ్చగా ఉంటాయి. సీలు మార్చాను. మళ్ళీ పిండి చల్లాను. ఈసారి గీతే లేదు.

బుధవారం పంపు విప్పాను. అడుగున చేరిన నీటిని బయటికి తోసే చిన్న పంపు అది, పిడికిలంత ఉంటుంది. పక్కనే తేలుడు స్విచ్చి. నీళ్ళు పెరిగితే స్విచ్చి తేలుతుంది, పంపు తిరుగుతుంది. నీళ్ళు పోతే స్విచ్చి దిగుతుంది, పంపు ఆగుతుంది. తీగల అతుకులు పచ్చబడి ఉన్నాయి. కత్తిరించి కొత్తవి వేశాను. పంపు కింది జల్లెడలో నాచు, వెంట్రుకలు, ఇసుక. వాటిలో ఎండిన సన్నచేపలు మూడు.

ఆ చేపల్ని గోటి మీద పెట్టుకుని చూస్తుండగా క్లారీ వచ్చాడు. నేను ఇంజిను మూత వేసేశాను. ఎందుకు వేశానో నాకూ తెలియదు, అలవాటు.

"ఏమోయ్ విల్ఫ్, దొరికిందా చిల్లు?"

"లేదు."

"దొరకదు. చిల్లుంటే కదా దొరకడానికి." క్లారీ ట్రైలరు చక్రం మీద కాలు పెట్టాడు. "నేను లాక్కొచ్చినప్పుడు చూశాను కదా. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ముసలావిడ పంపు ఆపడం మర్చిపోయుంటుంది, లేకపోతే లైటు. వయసోయ్. బోటు కాదు, ఆమె కారుతోంది."

"నీకూ డెబ్బై దాటాయి."

"నాకు కారడం లేదు." నవ్వాడు. "నాకు మంచె కావాలని కాదు. గోర్డన్ నా స్నేహితుడు. ఆమెకు ఏమన్నా అయితే నేను చూడలేను, అంతే."

"నీ మంచె కిందిదేగా. చేప ముందు నీకే తగులుతుంది. ఆవిడదెందుకు?"

"రెండూ ఒకటే. ఒకే ఒడ్డు, ఒకే నీళ్ళు. రెండు కలిపి చూసుకుంటే పని తేలిక, దానికోసమే."

ఆయన ఇంజిను మూత వైపు చూశాడు. నేను దాని మీద కూర్చుని సిగరెట్టు చుట్టుకున్నాను. కాసేపు ఉండి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఎవరినీ ఎన్ని పడ్డాయని అడగరు. అడిగినా, ఒక పూట అట్టుకి, అంటారు. సన్నచేపను గుడ్డులో కలిపి అట్టు వేసుకుంటారు కాబట్టి ఆ మాట. అరబకెట్టయినా ఒక పూట అట్టుకే, పది బకెట్లయినా ఒక పూట అట్టుకే. మొగుడు పెళ్ళానికి చెప్పడు. చెప్తే మర్నాటికి నాలుగు బోట్లు వచ్చి పక్కన నిలబడతాయి.

మూత మళ్ళీ తీశాను. క్లారీ అన్న ఒక్క మాట పనికొచ్చేది. బ్యాటరీ. దాన్ని నేను సోమవారమే చార్జింగు పెట్టాను, రెండు రోజులుగా నిండుగానే నిలబడింది. మంచి బ్యాటరీ చచ్చిపోయిందంటే పంపు పొద్దంతా తిరిగి ఉండాలి. పొద్దంతా తిరిగినా బోటు నిండిందంటే, తోడిన నీళ్ళు తోడినట్టే మళ్ళీ వస్తున్నాయి.

టార్చి లోపలికి వంచాను. ఇంజిను వెనక, జెట్టుకు అటూ ఇటూ, అడుగు రేకు మీద రంగు గుండ్రంగా అరిగిపోయింది. అటు రెండు గుండ్రాలు, ఇటు రెండు. బకెట్టు అడుగంత. అక్కడ ఎవరూ బకెట్టు పెట్టరు. వేడి, ఇరుకు, పైగా మూత తెరిస్తే తప్ప కనపడదు.

గురువారం నోయలీన్‌ను ఎక్కించుకుని నదిలోకి వెళ్ళాను. ఆమే నడిపింది. చిన్న మనిషి, సీటు మీద గొర్రెతోలు మడిచి వేసుకుంటే గానీ ముందు కనపడదు. ఇసుక దిబ్బల మధ్య లోతు ఎక్కడుందో చూడకుండానే తిప్పుతుంది. అరగంట తిరిగి, ఆమె మంచె పక్కన కట్టి, రెండు గంటలు కూర్చున్నాం. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసింది. దోమల కంటే చిన్న ఈగలు చెవుల్లో దూరుతున్నాయి.

చెయ్యి పెట్టి చూశాను. అడుగు పొడిగా ఉంది.

"ఏం లేదుగా," అంది ఆమె.

"లేదు."

"అయితే బాగయినట్టేగా. రేవిన్‌కి అదే చెప్పు."

"చెప్పడం కాదు, చూపించమంది. నువ్వు ఒక్కదానివే వెళ్ళినప్పుడు ఎందుకు మునుగుతోందో తెలియకుండా బాగయిందని ఎలా చెప్పను." కొంచెం ఆగి అడిగాను. "బకెట్లు ఎక్కడ పెట్టుకుంటావు?"

"ముందు. కాళ్ళ దగ్గర. ఇంకెక్కడ పెడతారు?"

"ఎన్ని?"

నేను తన జేబులో చెయ్యి పెట్టినట్టు చూసింది.

"విల్ఫ్, నువ్వు బోటు బాగుచేసేవాడివి. బోటు సంగతి చూడు. గోర్డన్ ఉండగా ఇలాంటివి ఎప్పుడైనా అడిగావా?"

"అప్పుడు బోటు మునగలేదు."

ఆమె కప్పులో మిగిలిన టీ నదిలో పారబోసింది. లేచి తాడు విప్పింది.

శుక్రవారం పొద్దున రేవులో ఎవరూ లేని వేళ చూసి ఒక్కణ్ణే వెళ్ళాను. నాలుగు బకెట్ల నిండా నీళ్ళు పోసి, మూతలు పెట్టి, ఆ నాలుగు గుండ్రాల మీద పెట్టాను. బోటు దిగి, మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి వెనకభాగం చూశాను.

పంపు గొట్టం నోరు వెనక రేకులో ఉంటుంది. పాత ఇంజిను ఉన్నప్పుడు అది నీటికి జానెడు పైన ఉండేది. తర్వాత గోర్డన్ పెద్ద ఇంజిను పెట్టాడు, నోరు మూడు వేళ్ళ ఎత్తుకు వచ్చింది. ఆయన దాన్ని మార్చలేదు. నేనూ అప్పుడు గమనించలేదు. ఇప్పుడు నాలుగు బకెట్లు పెట్టేసరికి నోరు నీటి కింద ఉంది, ఒక వేలు లోతున.

లోపల ఒక డబ్బా నీళ్ళు పోశాను. స్విచ్చి తేలింది, పంపు తిరిగింది, నీళ్ళు పోయాయి, పంపు ఆగింది. అది ఆగగానే నీళ్ళు ఏ చప్పుడూ లేకుండా అదే గొట్టంలోంచి వెనక్కి వచ్చాయి. పంపు కింది జల్లెడలోంచి ఊటలా పైకి వచ్చాయి. స్విచ్చి మళ్ళీ తేలింది, పంపు మళ్ళీ తిరిగింది. నేను సిగరెట్టు తాగేంతసేపు చూశాను. అది అలాగే తోడుతూ, అలాగే తెచ్చుకుంటూ ఉంది. బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది. బ్యాటరీ అయిపోతే నీళ్ళు వస్తూనే ఉంటాయి. బోటు బరువెక్కే కొద్దీ నోరు ఇంకా లోతుకు పోతుంది, నీళ్ళు ఇంకా జోరుగా వస్తాయి.

చిల్లు లేదు. నీళ్ళు బయటికి పంపే దారే లోపలికి వచ్చే దారి.

మధ్యాహ్నం నోయలీన్ ఇంటికి వెళ్ళాను. ఆమె పెనం మీద అట్టు వేస్తోంది. అడక్కుండానే నాకూ ఒకటి పళ్ళెంలో పెట్టి, రొట్టె ముక్క పక్కన పడేసింది.

"దొరికింది," అన్నాను.

"ఎక్కడ?"

చెప్పాను. ఆమె వెనక్కి తిరక్కుండా విన్నది.

"అయితే ఆ గొట్టం పైకి పెట్టెయ్. దీనికింత పంచాయితీ దేనికి."

"పెడతా. కానీ రేపు రేవిన్‌కి చూపించాలి. ఖాళీ బోటులో అది కనపడదు. వెనక బరువుంటేనే కనపడుతుంది."

"వెనక నేనేం పెట్టను."

"రంగు గుండ్రంగా అరిగి ఉంది నోయలీన్. నాలుగు చోట్ల."

అట్టు తిరగేసింది. నూనె చిటపటలాడింది.

"క్లారీ చూశాడా?"

"మూత మీద నేను కూర్చున్నాను."

ఆమె పొయ్యి తగ్గించి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గోర్డన్ పోయాక క్లారీ రేవులో నా తాడు పట్టుకోవడం మొదలుపెట్టాడు. రోజూ. ముప్పై ఏళ్ళు పక్కపక్కన ఉన్నాం, ఒక్కనాడు పట్టుకోలేదు. తాడు చేతిలో, కళ్ళు బోటులో. అందుకే వెనక పెట్టడం మొదలుపెట్టాను. మూత వేస్తే ఇంజినే కనపడుతుంది."

"మునిగిన రోజు?"

"బకెట్లు తీసి మంచె మీద పెట్టి, గోనె కప్పి, దాని మీద నా కోటు వేశాను. అప్పుడు పిలిచాను వాణ్ణి. బోటు ఒరిగిపోతోంది, నేను బకెట్లు మోస్తున్నాను. మోకాలు పట్టేసింది."

"రేవిన్‌కి చెప్పొచ్చుగా."

"రేవిన్ దాని మొగుడికి చెప్తుంది. వాడు పబ్బులో చెప్తాడు. పబ్బులో చెప్పినా ఒకటే, రేవులో బోర్డు కట్టినా ఒకటే." అట్టు వైపు చూపించింది. "క్లారీకి తెలియదు. చేప వాడి తడికెల బయటి నుంచి వెళ్తుంది. ఈ ఏడు వరదకి పైన ఇసుక మారింది. వాడి మంచె దాటాక సుడి తిరిగి నేరుగా నా వలలో పడుతుంది. వాడేమో ముందు తనకే తగుల్తుందనుకుంటున్నాడు. అనుకోనీ."

"నాలుగేనా?"

"చల్లారిపోతోంది, తిను."

తిన్నాను. ఆమె ఇంకేమీ చెప్పలేదు, నేను ఇంకేమీ అడగలేదు. షెడ్డుకు వచ్చి పాత రంధ్రం మూసేసి, దానికి నాలుగు వేళ్ళ ఎత్తున కొత్త రంధ్రం పెట్టాను. నాలుగు బకెట్ల లెక్కకు అది చాలు. పొద్దున పనికొస్తుందేమోనని గులకరాళ్ళు నింపిన సంచులు నాలుగు ట్రక్కులో వేసుకున్నాను. ఒక్కోటి నిండు బకెట్టంత బరువు.

శనివారం వాన లేదు. రేవులో రేవిన్ ముందే ఉంది. క్లారీ కూడా ఉన్నాడు, సాయానికి వచ్చానన్నాడు. నోయలీన్ కారులోంచి దిగి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడింది. బోటును నీళ్ళలోకి దించాను. లోపలికి వంగి చెయ్యి పెట్టి, పొడి చెయ్యి చూపించాను.

"బిరడా, సీలు, తీగలు మార్చాను," అన్నాను. "పంపు గొట్టం నోరు కిందికి ఉంది. నీళ్ళు దాంట్లోంచి వెనక్కి వస్తున్నాయి. పైకి పెట్టాను."

రేవిన్ వెనక రేకు దగ్గరికి వెళ్ళి చూసింది.

"పాత రంధ్రం కూడా నీళ్ళకి పైనే ఉంది కదా విల్ఫ్. పైన ఉన్న దాంట్లోంచి నీళ్ళెలా వస్తాయి?"

నేను చేతులు గుడ్డకు తుడుచుకున్నాను.

"ఖాళీ బోటు ఎప్పుడూ మునగలేదు. నువ్వు గురువారం తీసుకెళ్ళావు, మునగలేదు. అమ్మ ఒక్కతే వెళ్ళినప్పుడే మునిగింది. అమ్మ ఏం చేస్తే మునుగుతోంది? అదీ నేనడిగేది."

నాకు తెలుసు. కానీ అది నేను చెప్పాల్సింది కాదు. ఆమె చెప్పకపోతే ఆ రోజుతో మంచె పోతుంది, అదీ తెలుసు. నేను నోయలీన్ వైపు చూశాను. ఆమె నది వైపు చూస్తోంది.

క్లారీ గొంతు తగ్గించి, "వదిలెయ్ అమ్మా రేవిన్," అన్నాడు. "ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. వయసు ఎవరికి రాదు. మా అమ్మ చివర్లో పొయ్యి మీద కెటిల్ పెట్టి మర్చిపోయేది."

"మీ అమ్మ మర్చిపోయింది కెటిల్ కాదు క్లారీ," అంది నోయలీన్, "నిన్ను కొట్టడం."

రేవిన్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "అమ్మా, నేను అడిగిందానికి చెప్పు. చెప్పలేకపోతే నేను ఆయనతో మాట్లాడుకుంటా. నిన్ను నదిలో వెతుక్కునే ఓపిక నాకు లేదు."

నోయలీన్ జేబుల్లోంచి చేతులు తీసింది.

"విల్ఫ్, ఆ ట్రక్కులో సంచులు ఎందుకు తెచ్చావో నాకు తెలుసు. పట్రా."

తెచ్చాను. ఆమె ఇంజిను మూత ఎత్తి పట్టుకుంది. నాలుగు సంచులు నాలుగు గుండ్రాల మీద పెట్టాను. బోటు వెనకభాగం దిగింది. పాత రంధ్రం నీళ్ళలోకి పోయింది. కొత్త రంధ్రం మూడు వేళ్ళ పైన ఉంది. నేను పెట్టిన లెక్క సరిపోయింది.

"అంతేగా," అన్నాను.

"కాదు," అంది ఆమె. కూతురి వైపు తిరిగింది. "రేవిన్, విల్ఫ్ ట్రక్కులో ఖాళీ సంచులుంటాయి. ఆ ఒడ్డున రాళ్ళున్నాయి. ఇంకో మూడు నింపు."

"ఇంకో మూడా?"

"నాలుగు కింద. వాటి మీద పలక. పలక మీద మూడు."

రేవిన్ తల్లిని చూసింది, బోటును చూసింది, తర్వాత వెళ్ళి పార తీసుకుంది. రాళ్ళు సంచిలో చప్పుడు చేస్తూ పడ్డాయి. క్లారీ సాయం చెయ్యలేదు. తాడు పట్టుకుని నిలబడ్డాడు, కానీ పట్టుకున్నట్టు ఆయనకే తెలియడం లేదు. తాడు నీళ్ళలో నానుతోంది.

ఐదో సంచి పెట్టాను. కొత్త రంధ్రానికి రెండు వేళ్ళు మిగిలాయి. ఆరోది పెడితే నీళ్ళు దాని అంచును తాకాయి. ఏడోది పెట్టాక అది కనపడలేదు.

డబ్బాతో నీళ్ళు పోశాను. పంపు తిరిగింది, ఆగింది. రేవిన్ వంగి చూస్తోంది. జల్లెడ చుట్టూ నీళ్ళు పైకి ఊరడం మొదలైంది.

"అదుగో," అంది నోయలీన్. "అదీ నేను చేసేది."

మళ్ళీ పంపు తిరిగింది. రేవిన్ నాలుగుసార్లు తిరిగేదాకా చూసింది.

నా లెక్క తప్పింది. ఆమె ఆ మాట చెప్పకపోయి ఉంటే, నేను బాగుచేశానని పంపిన బోటు మొదటి మంచి రోజునే మళ్ళీ మునిగేది. శుక్రవారం ఆమె వంటింట్లో ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు.

"ఒక్కరోజులో ఏడా?" అంది రేవిన్.

"మునిగిన రోజులు రెండే. ఆ రెండు రోజులూ ఏడు."

"నాకు చెప్తే నేను ముందు సీట్ల కింద పెట్టించేదాన్ని కదా అమ్మా."

"అదే కదా నేను వద్దనుకుంది."

క్లారీ బోటును చూడడం లేదు. నది మలుపు వైపు, తన మంచె ఉన్న వైపు చూస్తున్నాడు. తడికెల బయటి అంచు ఎక్కడుందో, దాని బయట నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో మనసులో చూసుకుంటున్నట్టు ఉన్నాడు.

నేను సంచులు తియ్యకుండానే ట్రక్కులోంచి డ్రిల్లు తెచ్చాను. ఈసారి వేళ్ళ లెక్క పెట్టలేదు. పక్క అంచుకు కింద, వేలెడు వదిలి రంధ్రం పెట్టాను. గొట్టాన్ని పంపు నుంచి నిటారుగా అంచు దాకా తీసి, అక్కడ మెడలా వంచి, రంధ్రానికి దింపి క్లిప్పులు బిగించాను. ఎంత బరువు పెట్టినా ఆ మెడ దాకా నీళ్ళు వచ్చాయంటే అప్పటికి పంపుతో పని ఉండదు. నా మొదటి రంధ్రాన్ని రబ్బరు బిళ్ళ పెట్టి బోల్టుతో మూశాను. పని గంట పట్టింది. రేవిన్ క్లిప్పులు అందించింది.

తర్వాత అందరం ఒక గంట కూర్చున్నాం. ఏడు సంచులూ బోటులోనే ఉన్నాయి. నోయలీన్ బుట్టలోంచి రొట్టెలు తీసి అందరికీ ఇచ్చింది, క్లారీకి కూడా. ఆయన తీసుకున్నాడు.

గంటయ్యాక నేను లేవబోతే రేవిన్ నన్ను ఆపి తనే బోటు ఎక్కింది. చొక్కా చెయ్యి పైకి లాక్కుని, ఇంజిను పక్కనుంచి అడుగు దాకా చెయ్యి పెట్టింది. చాలాసేపు తడిమింది. లేచి చేతిని ప్యాంటుకు తుడుచుకుంది గానీ తుడవడానికి ఏమీ లేదు.

"పొడిగా ఉంది," అంది.

"ఊఁ."

"క్లారీ, మంచె ఎవరికీ ఇవ్వడం లేదు."

"నేనేం అనలేదే," అన్నాడు క్లారీ.

"ఒక మాట అమ్మా. ఇక నుంచి బకెట్లు ముందే పెట్టు. వెనక బరువుతో ఎదురు నీళ్ళలో ముక్కు లేస్తుంది, నీకు ముందేం కనపడదు."

"పెడతా. ఇంక దాచేదేముంది."

పోటు మొదలైంది. నోయలీన్ సంచులు దించమంది. నేనూ రేవిన్ దించాం. ఆమె ఖాళీ బకెట్లు తెచ్చి ముందు సీటు పక్కన వరసగా పెట్టింది, ఏడూ. రేవులో ఎవరు నిలబడ్డా కనపడేట్టు. ఇంజిను వేసి, వెనక్కి తీసి, ఒక్కతే కిందికి వెళ్ళిపోయింది.

సోమవారానికి క్లారీ తన మంచె కొస నుంచి తడికెలు ఇంకో రెండు బారలు బయటికి దించాడు. సుడిలోకి పోయే నీళ్ళు సగం వాటికే తగులుతున్నాయి. తన కాగితంలో ఉన్న హద్దు లోపలే దించాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు. ఆ వారం నేను అటు వెళ్ళినప్పుడు చూశాను. నోయలీన్ తన మంచె మీద కూర్చుని ఉంది. పక్కన మూడు బకెట్లు. నన్ను చూసి చెయ్యి ఎత్తింది, మళ్ళీ వల వైపు తిరిగింది. కట్టేసిన బోటు నీటి మీద సమంగా నిలబడి ఉంది.